నిప్పు తగిలిన పెదాలు

మా వంశంలో బిడ్డకు పళ్లొచ్చాయంటే ముందు చూసేది పళ్లను కాదు, పెదాలను. ఆదివారం ఆరాధన అయ్యాక బిడ్డను తెచ్చి మా మేనత్త దీనమ్మ ఒళ్లో పెడతారు. ఆవిడ పైటచెంగుతో వేలు తుడుచుకుని, బిడ్డ కింది పెదవిని మెల్లగా లాగి, వెలుతురులోకి తిప్పి చూస్తుంది. ఆవగింజలంతేసి నల్లచుక్కలు కనపడ్డాయా, "స్తోత్రం ప్రభువా, నిప్పు తగిలింది" అంటుంది. బలిపీఠం మీది నిప్పుకణికను దేవదూత తెచ్చి ప్రవక్త పెదాలకు తాకించిన సంగతి మా చర్చిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ నిప్పు మా ఇంటి మీద కూడా పడిందని మా జేజి, అంటే మా నాన్న తల్లి, చెప్పిందట. జేజికి చుక్కలుండేవి. మా నాన్నకుండేవి. అత్తకున్నాయి. నాకూ ఉండేవి. చుక్కలున్న పిల్లలు క్రిస్మస్‌ ఆరాధనల్లో వాక్యం చదవాలి, లేని పిల్లలు కేకు పళ్లాలు మోయాలి. ఇదీ మా ఇంటి చట్టం.

నా పెద్దకూతురు హెప్సిబాకు ఏడాదిన్నరకే చుక్కలు తేలాయి. ఆ రోజు చర్చి మెట్లు దిగుతూ నేను పడిన మిడిసిపాటు చూసి మా ఆయన, "నేల మీద నడువు" అన్నాడు. చిన్నకూతురు జాయ్‌కి రాలేదు. అది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నల్ల స్కెచ్‌ పెన్నుతో పెదాల మీద చుక్కలు పెట్టుకుని వచ్చి అత్త ముందు నిలబడింది. అత్త వేలితో తుడిచేసి, "దేవుడు పెట్టాల్సింది పెన్ను పెడతాదా పాపా" అంది. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా ఒళ్లు జలదరిస్తుంది.

నాకు జబ్బు నయమైందని డాక్టర్లు చెప్పి కొన్ని నెలలైంది. నేను మాత్రం ఆ మాట పూర్తిగా నమ్మలేకపోతున్నాను. కడుపులో చిన్న పోటు వచ్చినా గోడ పట్టుకుని నిలబడిపోతాను. రాస్తే గుండెదడ కాస్త తగ్గుతుందేమోనని మొదలుపెట్టాను. అంతకంటే ముఖ్యంగా, ఏ ఇంట్లోనైనా ఇలాంటి గుర్తును చూసి మురిసిపోతున్నవాళ్లు ఉంటే వాళ్లకు ఒక మాట చెప్పాలి.

ఎండాకాలం

మాది అల్లూరు. మా ఆయన ప్రభాకర్‌ ఊరవతల రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు. నేను బజారులో రొయ్యల మేత అమ్మే కొట్టు చూసుకుంటాను. పోయినేడు ఎండలు ముదిరేసరికి నాకు కింద నీళ్లు పోవడం మొదలైంది. ముట్టు కాదు, మామూలు తెల్లబట్ట కాదు. జలుబు చేసినప్పుడు ముక్కు కారినట్టు పల్చగా, ఆగకుండా పోయేది. కొట్టులో మేత బస్తాల వెనక్కి వెళ్లి బట్ట మార్చుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కాటా దగ్గర నిలబడేదాన్ని.

ఎవరికి చెప్పినా ఒకటే మాట, వేడి చేసిందని. సబ్జాగింజలు తాగాను. బార్లీ నీళ్లు, రాగంబలి, మెంతులు నానేసిన మజ్జిగ, ఒకటని కాదు. తాగి తాగి కడుపు ఉబ్బిందే గాని నీళ్లు ఆగలేదు. ఆ మధ్య చర్చి హాల్లో ఆడవాళ్లకు గర్భసంచి క్యాన్సర్‌ పరీక్షలు చేస్తున్నారంటే వెళ్లాను. అంతా బాగుందని వచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఎండాకాలమంతా నెట్టుకొచ్చాను. ఆ పరీక్షను తప్పుపట్టడానికి లేదని తర్వాత తెలిసింది. ఎక్కువమంది ఆడవాళ్లకు వచ్చే రకాన్ని అది ముందే పట్టిస్తుంది, దాన్ని ఎవరూ మానుకోకూడదు. నాకు వచ్చిన అరుదైన రకం దానికి ఒక్కోసారి చిక్కదట. బాగుందని వచ్చినా నీళ్లు ఆగకపోతే మళ్లీ వెళ్లి అడగాలన్న ముక్క నాకు అప్పుడెవరూ చెప్పలేదు.

హెప్సి నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు దండెం మీద ఆరేసిన బట్టలు చూసింది.

"అమ్మా, రోజుకు ఎన్ని మారుస్తా ఉండావు?"

"నీకెందుకు, నోరు మూసుకో."

"నేను మూసుకుంటాలే. నువ్వు మాత్రం రేపు నాతో నెల్లూరికి రా."

నా కడుపున పుట్టింది కదా, నా మొండితనం దానికీ వచ్చింది. వెళ్లాం. అక్కడి డాక్టరు చూసి, "ఈ నీళ్లు నాకు నచ్చలేదమ్మా, చెన్నై వెళ్లండి" అంది. ఇంకేమీ చెప్పలేదు. దారిపొడవునా ఆ 'నచ్చలేదు' అనే మాటే నా చెవుల్లో తిరిగింది.

జూలై

చెన్నై ఆసుపత్రిలో మేం కూర్చున్న హాలు గోడ మీద బొమ్మలు, వాటి కింద తెలుగులో కూడా రాతలు ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ ఎక్కువగా ఒక వైరస్‌ వల్ల వస్తుందని, అది కలయిక వల్ల అంటుతుందని రాసి ఉంది. చదవగానే నా మనసు రొయ్యల గుంటల దగ్గరికి పరుగెత్తింది. మా ఆయన వారంలో సగం రాత్రులు అక్కడి కాపలా గుడిసెలోనే పడుకుంటాడు. ఆయన కూడా గోడ మీది రాత చదివాడు.

"నా వంక అట్లా చూడబాక సుగుణా" అన్నాడు.

"నేనేం చూడలా."

"చూసినావు."

పక్కపక్కన కూర్చున్నాం గాని మా మధ్య ఒక ఊరంత దూరం ఉంది. నా అవతల కుర్చీలో కూర్చున్నామె ఇదంతా విన్నట్టుంది. పేరు పద్మ, సూళ్లూరుపేట నుంచి రైలెక్కి వస్తుంది, ముందు మందులు ఎక్కించి తర్వాత కరెంటు పెడతారట. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. ఏసీ చలికి నేను ముడుచుకుపోవడం చూసి తన దుప్పటి సగం నా మీద కప్పింది.

"కొత్తా అక్కా? నాది వైరస్‌ రకమే. నేను గూడా మొదట మా ఆయన్ని కాల్చుకు తిన్నా. డాక్టరమ్మ జెప్పింది, అది కాపురాలు చేసే వాళ్లల్లో శానామందికి వచ్చి పోతాదంట. కొందరిలోనే నిలిచిపోతాదంట. ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలీదు, ఎవురి తప్పూ కాదు. నా బిడ్డకు టీకా ఏయించినా. మొగుళ్లను తిట్టుకుంటా కూర్చుంటే కరెంటు ఎవురు పెట్టించుకుంటారు?"

మా ఆయన లేచి వెళ్లి మూడు కాఫీలు పట్టుకొచ్చాడు. మొదటిది పద్మకే ఇచ్చాడు.

గర్భసంచి మూతి నుంచి చిన్న ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు లోపలికి పిలిచారు. అక్కడి డాక్టరమ్మ తమిళావిడ. నెల్లూరు వైపు రోగులతో మాట్లాడి మాట్లాడి తెలుగు పట్టుకుంది. క్యాన్సరేనని, ఆపరేషన్‌ చేయాలని చెప్పింది. నేను ఆ మాటకు సిద్ధపడే వెళ్లాను కాబట్టి ఏడవలేదు. అప్పుడావిడ కాగితాలు పక్కన పెట్టి నా మొహంలోకి చూసి, టార్చి తీసి, "నోరు తెరవండమ్మా" అంది. కడుపులో జబ్బుకు నోరెందుకన్నట్టు మా ఆయన చూశాడు. ఆవిడ నా చెంప లోపల వేలితో తిప్పి చూసింది.

"ఈ నల్లచుక్కలు ఎప్పట్నుంచి?"

నిజం చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. ఇంత పెద్ద డాక్టరు మా ఇంటి గుర్తును పట్టింది కదా అని. పెదాల మీదివి వయసుతో వెలిసిపోయాయని, లోపలివి నిలిచాయని, అవి మా వంశానికి దేవుడిచ్చినవని నిప్పుకణిక కథంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని టార్చి ఆపింది.

"నాన్నగారు ఎట్లా పోయినారు?"

"పేగు మెలిపడి. నేనప్పుడు బడికి పోతుండేదాన్ని."

"ఆయన అమ్మ?"

"జేజా? ఆమెకు నీళ్లు పోయేవంట. పోయి పోయి, చిక్కి..." అంటూ నేనే ఆగిపోయాను. నా నోట్లోంచి వస్తున్న మాట నాకే వినపడింది.

"ఇంట్లో ఇంకా ఎవరికి ఉన్నాయమ్మా ఈ చుక్కలు?"

తలుపు అద్దంలోంచి బయటి బెంచీ కనపడుతోంది. హెప్సి నా నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నేను చూడటం చూసి నవ్వింది. పెదవి నిండా చుక్కలు. "నా పెద్దబిడ్డకు" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఈ క్యాన్సర్‌ మామూలుగా వంశంలో దిగదు. నాది వేరే రకం, చాలా అరుదు. ఇలాంటి చుక్కలుండే కొన్ని కుటుంబాల్లో రక్తంలోనే ఒక లోపం దిగుతుంది. దానివల్ల పేగుల్లో కండ పెరుగుతుంది, పేగు మెలిపడుతుంది, కొందరికి క్యాన్సర్లు వస్తాయి. అందరికీ అన్నీ రావు. చుక్కలున్న ప్రతి మనిషికీ జబ్బున్నట్టు కాదు. రక్తపరీక్ష చేస్తే తేలుతుంది. నా బిడ్డల మాటేమిటని అడిగాను. ఒక్కో బిడ్డకు సగం సగమని చెప్పింది. బొమ్మా బొరుసా అన్నమాట. వైరస్‌ అనుకున్నన్నాళ్లు సిగ్గుతో చచ్చాను. రక్తంలోదని తెలిశాక ఆ సిగ్గే నయమనిపించింది.

ఆగస్టు నుంచి అక్టోబరు

ఆపరేషన్‌ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మత్తు దిగుతుండగా నేను పాట పాడానట, అదీ శృతి తప్పి. తర్వాత కరెంటు మొదలైంది. మాకు తెలిసినవాళ్ల గది ఒకటి ఆసుపత్రి దగ్గర దొరికితే అందులో ఉన్నాం. నీళ్ల విరేచనాలు, వాంతులు, అన్నం వాసన పడకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. నా పక్క కుర్చీలో పద్మ ఉండేది. రైలు ఆలస్యమైన రోజు ఆమె కుర్చీ ఖాళీగా కనపడితే తలుపు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. ఆమె వచ్చి దుప్పటి విప్పి, పెరుగన్నం డబ్బా మూత తీసేదాకా నా పేరు పిలిచినా లేచేదాన్ని కాదు.

నా రక్తపరీక్షలో ఆ లోపం ఉందని తేలింది. ఇక పిల్లలిద్దరికీ చేయించాలి. జాయ్‌ సరేనంది గాని హెప్సి వెనక్కి జరిగింది. తీయిస్తే ఇద్దరికీ కలిపే తీయిద్దామని ఆగాం.

"తెలుసుకుని ఏం చేయాల? ఉందంటే ఈ రోజు నుంచి చావును చూసుకుంటా బతకాల. నాకొద్దు."

"చూపించుకుంటే ముందే తీసేస్తారంట పాపా."

"నీకు నయమైనాక మాట్లాడదాం."

బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. అసలే అన్నం సయించని మనిషిని, ఆ బెదిరింపు ఎవరికి పని చేస్తుంది. హెప్సి మెల్లగా లిప్‌స్టిక్‌ వేసుకోవడం మొదలుపెట్టింది. చిక్కటి ఎరుపు, చుక్క కనపడకుండా. ఎవరూ చూడకపోతే జబ్బు కూడా దాన్ని మర్చిపోతుందనుకుందేమో.

బంధువుల్లో కొందరు దాన్నే మెచ్చుకున్నారు. పెళ్లి కావాల్సిన పిల్లకు రక్తపరీక్షలేమిటన్నారు. దీనమ్మత్త అయితే నన్ను చూడ్డానికి చెన్నై వచ్చి మంచం పక్కనే కయ్యానికి దిగింది.

"దేవుడు ముట్టుకున్న చోటును జబ్బంటావా మే? నేను ముసల్దాన్నయినా. నాకేమన్నా అయ్యిందా?"

"నీకు రాలా అత్తా. నాయనకు వచ్చింది. జేజికి వచ్చింది. నాకు వచ్చింది."

"వాళ్ల ఆయుష్షు అంతే. నిప్పును అవమానించబాక."

నాకు క్యాన్సరని విన్నప్పుడు నిబ్బరంగా ప్రార్థన చేసిన మనిషి, హెప్సి లిప్‌స్టిక్‌ చూసి మాత్రం బోరున ఏడ్చింది. దేవుడి గుర్తును రంగుతో పూస్తావా అని. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. కుట్లు లాగేదాకా నవ్వాను.

కరెంటు అయిపోయి అల్లూరు వచ్చిన వారంలో మా ఆయన నన్ను గుంట గట్టు మీదికి తీసుకెళ్లాడు. గాలి తగిలితే బాగుంటుందని. మేత తింటున్నాయా లేదా చూసుకునే వల పళ్లాన్ని నీళ్లలోంచి పైకి లాగి, ఒక రొయ్యను రెండు వేళ్లతో పట్టుకుని సూర్యుడికి ఎదురుగా పెట్టాడు. ఇది ఆయన రోజూ చేసే పనే. పెంకు మీద తెల్లమచ్చ ఉందేమోనని చూస్తాడు. ఆ మచ్చ వచ్చిందంటే కొద్దిరోజుల్లో గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. హెప్సి కూడా మాతో వచ్చింది. ఆయన రొయ్యను నీళ్లలోకి వదిలి, చేయి తుడుచుకుని, హెప్సి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురులోకి తిప్పాడు.

"ఇన్నేళ్లుగా రోజూ రొయ్యలను చూస్తా ఉండా. వాటి మీద మచ్చ కనపడితే నిద్ర పట్టదు నాకు. నా బిడ్డ పెదాల మీద మచ్చలు చూసి మిఠాయిలు పంచినా." గడ్డం వదల్లేదు ఆయన. "పోదాం పాపా. ఒక్కసారి చూపిచ్చుకుందాం."

హెప్సి మొహం విడిపించుకుని గట్టు దిగి వెళ్లిపోయింది. ఒప్పుకోలేదు. కాలేజీ పరీక్షలు ఉన్నాయి, క్రిస్మస్‌ అయ్యాక చూద్దామంది. దానికి చిన్నప్పట్నుంచీ అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చేది. వాము నమిలితే తగ్గేది. నన్ను చూసుకోవడానికి ఆ రోజుల్లో అల్లూరు నుంచే కాలేజీకి పోయి వస్తోంది. ఇప్పుడు అది కడుపు మీద చేయి వేసుకున్న ప్రతిసారీ నేను వంటింట్లోంచి చూసేదాన్ని. నేను చూస్తున్నానని తెలిసి చేయి తీసేసేది. ఒకే ఇంట్లో ఒకళ్లనొకళ్లం దొంగల్లా కనిపెట్టుకుంటూ బతికాం.

డిసెంబరు

క్రిస్మస్‌కు ముందు ఆదివారం వాక్యం చదవాల్సింది హెప్సి. ఆ ఏడాది అది చదవనంటే అత్త ఊరుకోలేదు. నల్లటి అంచున్న తెల్లచీర కట్టుకుని వేదిక ఎక్కింది. రెండు మూడు వాక్యాలు చదివిందో లేదో గొంతు ఆగింది. పుస్తకం స్టాండును రెండు చేతులా పట్టుకుంది. నేను లేచేలోపే కిందికి జారి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పక్కకు ఒరిగింది. వాంతి అయింది. లిప్‌స్టిక్‌ చెదిరి గడ్డం దాకా పూసుకుపోయింది.

ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. పస్తుండి వచ్చి ఉంటుందని ఒకరు, గ్యాసని ఒకరు. ఎవరో వాము నీళ్లు కాచుకు రమ్మన్నారు. పాస్టరు గారు అందరినీ ప్రార్థనకు మోకరించమన్నారు. తెలిసి కూడా, అన్నీ తెలిసి కూడా, నా నోరు పెగల్లేదు. అప్పుడు దీనమ్మత్త జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. బిడ్డ పడుకున్న తీరు చూసింది.

"వామొద్దు. నీళ్లు గూడా పొయ్యొద్దు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "అయ్యగారూ, మోకరిస్తే కారులో మోకరిద్దాం. ప్రభాకరా, బండి తియ్యి."

నెల్లూరు దాకా బిడ్డ తల అత్త ఒళ్లోనే ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కడుపు నొక్కి చూస్తుంటే నాకు నోరొచ్చింది. చెన్నైలో చెప్పిన జబ్బు పేరు ముక్కముక్కలుగా చెప్పాను. పేరు సరిగా పలికానో లేదో తెలియదు గాని, "నా బిడ్డ పెదాలు చూడండి సార్‌" అని పమిటతో దాని మూతి తుడిచి చూపించాను. ఆయన చూశాడు. వెంటనే స్కానింగుకు పంపించాడు. పేగు పేగులోకి దూరిందని, లోపల కండ ఒకటి దాన్ని లాక్కుపోయిందని చెప్పి ఆపరేషన్‌కు తీసుకెళ్లారు.

నా జబ్బు మొత్తం ఒక ఎత్తు, ఆ వరండాలో కూర్చున్న వేళ ఒక ఎత్తు. నాకు కోత పెట్టినప్పుడు ఇంత భయం లేదు. జాయ్‌ నా చేయి పట్టుకుని వేళ్లు విరిచేస్తోంది. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త నేల మీద చతికిలబడింది, కుర్చీ వద్దంది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మీ నాయన గూడా అట్నే ముడుచుకుని పండుకున్యాడు. మోకాళ్లు కడుపులోకి పెట్టుకుని. మేము వాము నీళ్లు పోసినాం. కడుపు మీద ఆముదం రాసినాం. రాత్రంతా చుట్టూ కూర్చుని పాటలు పాడినాం. బండి కట్టిచ్చలా. ఇది నిప్పు తగిలిన వంశం, వీడికేమవుతాదిలే అనుకున్నాం."

నాన్న చావు గురించి ఆవిడ అన్నేళ్లలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"అది దేవుడి నిప్పు కాదంటావా అత్తా ఇప్పుడు?"

"నాకేం తెలుసు మే. నిప్పేనేమో. నిప్పుకు కాల్చేది గూడా తెలుసు గదా."

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, పేగు నల్లబడక ముందే తెచ్చారని, కండ తీసేశామని, బిడ్డ బాగుందని చెప్పాడు. కండలో క్యాన్సర్‌ లేదన్న కబురు తర్వాత వచ్చింది. మా ఆయన గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు. జాయ్‌ నా వేళ్లు వదిలింది. అత్త మాత్రం లేవలేదు, లేవదీయాల్సి వచ్చింది.

కొత్త ఏడాది

మంచం మీద ఉండగానే హెప్సి తనంతట తానే రక్తం తీయించుకుంటానంది. జాయ్‌ది కూడా తీశారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఫోను మోగితే నలుగురం నాలుగు చోట్ల ఆగిపోయేవాళ్లం. హెప్సికి ఉందన్నారు. అది తలూపి, నీళ్లు తాగి, సరే అంది. జాయ్‌కి లేదన్నారు. జాయ్‌ వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకే అంటే, "అక్కొక్కత్తే అయిపోయింది గదమ్మా" అంది. చిన్నప్పుడు పెన్నుతో చుక్కలు పెట్టుకున్న పిల్ల కదా. హెప్సి దాన్ని పక్కన పడుకోబెట్టుకుని, "పోవే పిచ్చిదానా, ఇకమీదట కూడా పళ్లాలు నువ్వే మోయాల" అంది. ఇద్దరూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

హెప్సికి జీవితమంతా పరీక్షలుంటాయి. పేగులకు, రొమ్ములకు, నాకు వచ్చిన చోటుకు, వేళ తప్పకుండా చూపించుకోవాలి. ప్రతి పరీక్షకు ముందు వారం నాకు నిద్ర ఉండదు. ఇది తీరే భయం కాదని అర్థమైంది. పద్మ ఫోన్‌ చేసి, "భయపడతానే పోదాం అక్కా, పోవడం మాత్రం మానుకోబాకండి" అంటుంది. ఆమె చికిత్స కూడా ముగిసింది. మేం మాట్లాడుకునేది మాత్రం ముగియలేదు.

అత్తలో మార్పు వచ్చిందని ఎవరూ పైకి అనలేదు. ఆవిడ చెప్పనూ లేదు. కాని చుట్టుపక్కల ఊళ్లలో మా వంశంలో ఎవరికి చుక్కలున్నాయో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ప్రతి పెదవినీ తాకి చూసిన వేలు అది. రక్తపరీక్ష చేయించుకోమని ఒక్కొక్కళ్లకీ కబురు చేసింది. రానివాళ్ల ఇంటికి తానే ఆటోలో వెళ్లింది. నాయుడుపేటలో ఉన్న తన మనవరాలు కెజియాను కూడా పరీక్షకు పంపించింది. కెజియాకు కూడా ఉందని తేలింది.

పోయిన ఆదివారం కెజియా తన కొడుకును తీసుకుని అల్లూరు వచ్చింది. వాడికి ఏడాదిన్నర. పళ్లొచ్చి చాలా రోజులైనా ఇన్నాళ్లూ తీసుకురాలేదు. ఆరాధన అయ్యాక అలవాటు కొద్దీ అందరం బయట చెట్టుకింద బెంచీల దగ్గర చేరాం. కెజియా బిడ్డను అత్త ఒళ్లో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది. అత్త పైటచెంగుతో వేలు తుడుచుకుంది. పెదవి దాకా తెచ్చి ఆపేసింది.

"నాకు చూపు ఆనడంలే. హెప్సీ, నువ్వు చూడు."

ఆవిడకు చూపు ఆనకపోవడం అబద్ధం. అంతకుముందు రోజే సూదిలో దారం ఎక్కించింది. హెప్సి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఆ రోజు దాని పెదాలకు రంగు లేదు. చున్నీ కొసతో వేలు తుడుచుకుని, వాడి కింది పెదవిని మెల్లగా లాగి, వెలుతురులోకి తిప్పింది. వాడు దాని వేలు కొరికాడు. అది వేలు తీయలేదు.

"ఉండాయి అవ్వా. రెండు."

అందరం అత్త నోటి వంక చూశాం. స్తోత్రం అనలేదు. బిడ్డ పెదవిని చీర చెంగుతో తుడిచి, వాణ్ణి గుండెకు ఆనించుకుంది.

"ఏ వయసు నుంచి చూపియ్యాలంట వీణ్ణి?" అని హెప్సిని అడిగింది.

"రక్తం ముందు తీస్తారంట. ఉందంటే కడుపులో చూసేది ఎనిమిదేళ్లకు మొదలుపెడతారు. నొప్పి వస్తే మాత్రం ముందే పోవాల."

అత్త తల ఊపింది. బిడ్డను ఎత్తి హెప్సి చేతుల్లో పెట్టింది.

"వీడికి ఎనిమిదేళ్లు వచ్చేసరికి నేనుండను. నువ్వుంటావు. నువ్వే తీసుకుపో పాపా."

హెప్సి వాణ్ణి నడుం మీదికి ఎత్తుకుని, "సరే అవ్వా" అంది.